పేరు అడిగింది, ఆగలేదు

కంప్యూటరుకు కులం లేదని సభల్లో ఇప్పటికీ చెప్తుంటారు. ఇనుముకూ ప్లాస్టిక్కుకూ కులం ఎందుకుంటది? కానీ ఆ కంప్యూటరు పెట్టిన గది తలుపుకుంది, గది బయట చెప్పులిడిచే జాగకుంది, బోర్డు ముందు నిలబడ్డ సారు నాలుకకుంది. నేను రాయబోయేది చిన్న ముచ్చట. సీ భాష నేర్చుకునే ప్రతి పిల్లగాడికీ, ప్రతి పిల్లకూ మొదటి నెలలోనే ఎదురయ్యే తిప్పల. కీబోర్డు మీద మనం కొట్టినదాంట్లో ప్రోగ్రాము కొంత తీసుకుంటది, కొంత వదిలేస్తది. వదిలేసింది ఎక్కడికీ పోదు. లోపలే కూసుంటది. తర్వాతి ప్రశ్నకు మనం నోరు తెరవకముందే అది జవాబై లేస్తది. గింతే. గింత దాని గురించి మాదిగోడు తన బతుకు చెప్పే పుస్తకంలో రాసుడేంది అనిపించొచ్చు. చదివినంక మీరే చెప్పండి.

మాది పటాన్‌చెరు అవతల, నక్కవాగు పారే దిక్కున ఒక ఊరు. ఊరికీ వాడకూ నడుమ చింతచెట్టు, చెట్టు కింద ఒక బోరింగు. నేను పుట్టేనాటికి ఇక్రిశాట్ వచ్చి నాలుగేండ్లయింది. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ అంతకు ముందే లేచింది. మెదక్ వెనుకబడ్డ జిల్లా అని రాయితీలిచ్చి, బొంబాయి రోడ్డుకు రెండు దిక్కులా ఫ్యాక్టరీలు పెట్టించారు. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి పార్లమెంటుకు గెలిచినంక ఈ ఊపు ఇంకా పెరిగింది. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, కాజిపల్లి, గడ్డపోతారం. మందులు, రంగులు, పురుగుమందులు. భూములు పోయినోళ్ళకు పైసలొచ్చినయి. భూమే లేనోళ్ళకు పనొచ్చింది. ఏం పని అంటే, డ్రమ్ములు మోసుడు, రియాక్టర్లలోకి దిగి కడుగుడు. వెనకట చచ్చిన గొడ్డును మోసిన భుజాలే ఇప్పుడు డ్రమ్ములు మోసినయి.

వాగు రంగు మారింది. బోర్లల్ల నీళ్ళు మారినయి. మా అవ్వ పొద్దున్నే బోరింగు కొడితే మొదట ఇటికరంగు నీళ్ళొచ్చేవి, మందు వాసనతో. నాలుగైదు బిందెలు కొట్టి పారబోసినంక కొద్దిగ తేటయ్యేది. అప్పుడు పట్టుకునేది. అట్లా పారబోసే నీళ్ళ కోసం కూడా భుజాలు నొయ్యాలె కదా. పటాన్‌చెరు డాక్టరు అల్లాని కిషన్‌రావు గారు, ఆయనతో ఇంకొందరు ఈ నీళ్ళ గురించి ఏండ్ల తరబడి కొట్లాడారు. 1990లో కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం శుద్ధి చేసి వదిలిన నీళ్ళను పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ బయటపడింది. డాక్టరు చీటీ రాస్తే కొనుక్కునే యాంటీబయాటిక్ అది. మా వాగుకు చీటీ లేకుండనే దొరికింది. ఫ్యాక్టరీకి కావలసింది సీసాల్లకు పోయింది, మిగిలింది మా దిక్కు పారింది. ఈ ముచ్చట ఇక్కడ ఆపుతా. దీని మీద రాసినోళ్ళు చాలామంది ఉన్నారు.

మా నాయిన ఒక మందుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద ఆరేండ్లు పనిచేసిండు. కాంట్రాక్టరు పొద్దున గేటు దగ్గర తలలు లెక్కబెట్టేవాడు. “పద్నాలుగు” అని లోపలికి కేకేసేవాడు. పేర్లు పిలిచేది లేదు. నెలాఖరుకు హాజరు పట్టీ మీద నిశానీ పెట్టించుకొని కూలిచ్చేవాడు. 1993 వానాకాలంల ఒకనాటి రాత్రి షిఫ్టులో యాసిడ్ డ్రమ్ము పగిలి నాయిన కుడికాలు మోకాలి దాకా కాలింది. సర్కారు దవాఖానాలో కంపెనీ కాగితం తెమ్మన్నారు. కంపెనీలో కాంట్రాక్టరును అడగమన్నారు. కాంట్రాక్టరు, “నువ్వెవరో నాకు యాదికొస్తలేదు” అన్నడు. ఆరేండ్లు తల లెక్కబెట్టినోడు.

యూనియన్‌లో తిరిగే ఒక అన్న పట్టుబట్టి లేబర్ ఆఫీసుకు తీసుకపోయిండు. అప్పుడు అమల్లో ఉన్న 1970 నాటి కాంట్రాక్టు లేబర్ చట్టం ప్రకారం కాంట్రాక్టరు కూలీల రిజిస్టరు పెట్టాలె, హాజరు రాయాలె, కూలి లెక్క రాయాలె. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే అసలు యజమాని కట్టాలె. కాగితం మీద మంచి చట్టమే. మూడో వాయిదాకు కాంట్రాక్టరు రిజిస్టరు తెచ్చిండు. నేను పక్కనే నిలబడి చూశాను. వరుస నంబరు ఉంది. రోజులున్నయి. కూలి ఉంది. నీలం సిరా నిశానీ ఉంది. పేరు గడి ఖాళీ. ఒక్క మా నాయినది కాదు, పద్నాలుగు గడులూ ఖాళీయే. “ఈ నిశానీ నాదే సారూ” అని నాయిన బొటనవేలు చాపిండు. ఆఫీసరు ఆ వేలి దిక్కు చూడలేదు. “నిశానీలు పోల్చుడు మా పని కాదు, పేరుంటే చెప్పు” అన్నడు. చివరికి పదిహేను వందల రూపాయలు, రెండు బస్తాల బియ్యం. నాయిన కాలు మానింది గానీ మడమ వంగలేదు.

ఇంతవరకు చెప్పింది ఎందుకో ఇప్పుడు చెప్తా.

1997లో సంగారెడ్డిలో ఎస్సీ యువకులకు ఉచితంగా కంప్యూటరు శిక్షణ అంటే పోయిన. సంస్థ పేరు అక్కరలేదు. ఏసీ గది, నాలుగు వందల ఎనభై ఆరు మిషన్లు, టర్బో సీ. ఫీజు కట్టిన పిల్లలకు గంట, మాకు అర్ధగంట. వాళ్ళకు మనిషికో మిషను, మాకు ముగ్గురికి ఒకటి. మమ్మల్ని “ఫ్రీ బ్యాచ్” అనేవాళ్ళు. చెప్పులు అందరమూ బయట ఇడిచేవాళ్ళమే గానీ, మా చెప్పులు వేరే మూలకు ఎట్ల పోయేవో నాకు తెల్వదు. మా బట్టలకు ఊరి నీళ్ళ వాసన ఉండేది. ఒకరోజు సారు ముక్కు మీద వేలు పెట్టుకొని ఏసీ వైపు చూసిండు. ఎవ్వరూ ఏమీ అనలేదు, నవ్వారు.

మూడో వారం సారు బోర్డు మీద ఒక జీతాల ప్రోగ్రాము రాసిండు. టోకెన్ నంబరు అడుగు, పేరు అడుగు, రోజులు అడుగు, రోజుకూలి అడుగు, గుణించు, అచ్చు వెయ్యి, ఇంకా ఎవరైనా ఉన్నారా అని అడుగు, వై కొడితే మళ్ళీ మొదటికి పో. అంకెలకు స్కాన్‌ఎఫ్, పేరుకు గెట్స్. బోర్డు మీదిది అక్షరం పొల్లుపోకుండా ఎక్కించి నడిపిన. నా దగ్గర లెక్కలు సిద్ధంగనే ఉన్నయి. ఆ పద్నాలుగు మంది పేర్లు నాకు నోటికొచ్చు. మొదట నాయినది.

టోకెన్ అడిగింది. 1 కొట్టి ఎంటర్ నొక్కిన. తెర మీద “పేరు” అని వచ్చింది, దాని పక్కనే అదే వరుసలో “రోజులు” అని కూడా వచ్చింది. పేరు దగ్గర ఆగలేదు. నా వేళ్ళు కీబోర్డు మీదనే ఉన్నయి. రోజులు 26 అన్న. కూలి 28 అన్న. ఇంకా ఎవరైనా ఉన్నారా అని అడిగింది, ఆ జవాబు కోసం కూడా ఆగలేదు. లెక్క అచ్చు వేసి మూసుకున్నది. టోకెన్ 1. పేరు, ఖాళీ. రోజులు 26. మొత్తం 728. మిగిలిన పదమూడు మంది బయటనే.

నా పక్కనున్న ఇద్దరూ “మళ్ళ కొట్టు” అన్నారు. నాకు చేతులు లేవలేదు. లేబర్ ఆఫీసు బల్ల మీద తెరిచిన రిజిస్టరే అది. నీలం నిశానీ ఒక్కటి తక్కువ.

సారును పిలిచిన. వచ్చి, వంగకుండనే, కీబోర్డు మీద ఒక వరుస కొట్టిండు. ఎఫ్‌ఫ్లష్, బ్రాకెట్లో ఎస్‌టీడీఇన్. నడిపితే పేరు దగ్గర ఆగింది. “పేరు అడిగే ముందర ప్రతిసారి ఇది రాసుకోండి” అన్నడు.

“ఎందుకు సార్?” అన్న.

“రాస్తే పనిచేస్తది. నీకు ఎందుకెందుకు అనేది ఎందుకు?”

మా తాతలకు ఈ మాట కొత్త కాదు. గుడి బయట నిలబడి వినపడ్డంత మంత్రం వినాలె, అర్థం అడగొద్దు. తేడా ఏందంటే మంత్రం మా చెవుల పడితే సీసం పోస్తామన్నారు, దీన్ని మాత్రం మాతోనే రాయించారు. ఒక తీరు మెరుగే అనుకోవాలె. కానీ అర్థం తెల్వకుండ రాసే అక్షరం ఎక్కడ పనిచేస్తదో ఎక్కడ పనిచెయ్యదో రాసేటోనికి తెల్వదు. పెట్టినోని దయ మీద బతకాలె.

నాకు అర్థం చెప్పింది అదే యూనియన్ అన్న. ఆయన బీహెచ్ఈఎల్‌లో అప్రెంటిస్ చేసినోడు. ఎవరి దగ్గరో పట్టి కెర్నిగన్, రిచీ పుస్తకం జిరాక్స్ తెచ్చి ఇచ్చిండు, మొదటి అధ్యాయం, ఏడో అధ్యాయం. సీ భాషను బెల్ ల్యాబ్స్‌లో తయారుచేసిన డెన్నిస్ రిచీ, బ్రయన్ కెర్నిగన్‌తో కలిసి 1978లో రాసిన పుస్తకం. 1988లో దాని రెండో కూర్పు వచ్చింది. ఇంగ్లీషు నాకు అంతంతమాత్రం. డిక్షనరీ పక్కన పెట్టుకొని ఇరవై రాత్రులు చదివిన. ఆ పుస్తకం ఎవర్నీ తక్కువ చేసి మాట్లాడదు. ఒక్కో అక్షరం కీబోర్డు నుంచి ఎట్ల వస్తదో మొదటి అధ్యాయంలోనే చెప్తది. మాకు బోర్డు మీద చెప్పనిది అక్కడ పదిమందికీ చెప్పినట్టు చెప్పి ఉంది.

సంగతి ఇది. మనం కీబోర్డు మీద కొట్టింది సీదా ప్రోగ్రాముకు పోదు. ఎంటర్ నొక్కేదాకా ఆ వరుసంతా ఒక జాగలో ఆగుతది. దాన్ని బఫర్ అంటారు. ఎంటర్ కూడా ఒక అక్షరమే. దానికి న్యూలైన్ అని పేరు, 10 అని అంకె. 1 కొట్టి ఎంటర్ నొక్కితే లోపల రెండు అక్షరాలున్నట్టు. స్కాన్‌ఎఫ్‌ను అంకె అడిగినం కాబట్టి అది 1 తీసుకున్నది. న్యూలైన్ అంకె కాదు కాబట్టి ముట్టలేదు, వదిలేసింది. తర్వాత గెట్స్ వచ్చింది. గెట్స్ పని ఏంది? న్యూలైన్ దొరికేదాకా చదువుడు. పోగానే న్యూలైన్ దొరికింది. పేరు అయిపోయిందనుకున్నది. లోపల సున్న అక్షరాల పేరు. “ఇంకా ఎవరైనా ఉన్నారా” దగ్గర జరిగిందీ ఇదే. కూలి 28 తర్వాత మిగిలిన న్యూలైన్‌నే జవాబుగా తీసుకున్నది. అది వై కాదు కాబట్టి, ఎవరూ లేరని మూసుకున్నది.

నమ్మకం కుదరక, ఆ తీసుకున్న అక్షరాన్ని అక్షరంగా కాకుండా అంకెగా అచ్చువేసి చూసిన. 10 వచ్చింది. ఆ రోజు నాకు అయిన సంబురం ఎవరికి చెప్తే అర్థమయితది? ఖాళీ అనేది ఖాళీ కాదు. అందులో ఒకటి కూసోనుంది. దానికో నంబరుంది.

మరి స్కాన్‌ఎఫ్ రోజులూ కూలీ వరుసగా అడిగితే ఎందుకు ఆగింది అంటే, అంకెలు చదివేటప్పుడు ముందున్న ఖాళీలనూ న్యూలైన్లనూ అదే దాటేసుకుంటది. ఒంటి అక్షరం అడిగినప్పుడు మాత్రం దాటదు, ఏది ముందుంటే అది తీసుకుంటది. అందుకే పిల్లలకు ఇది ఒకసారి పనిచేసి ఒకసారి చెయ్యనట్టు కనపడతది. మిషను మూడ్ బాగలేదంటారు. మిషనుకు మూడ్ ఉండదు. ఎవరికి తలుపు తియ్యాలె, ఎవర్ని దాటాలె అన్నది దానికి రాసిపెట్టి ఉంది. చదువుకుంటే తెలుస్తది.

ఎఫ్‌ఫ్లష్ సంగతి కూడ ఆ పుస్తకంలనే తేలింది. అది బయటికి పంపే ప్రవాహం కోసం పెట్టింది. తెరకో ఫైలుకో పోవాల్సింది మధ్యలో ఆగి ఉంటే నెట్టడానికి. లోపలికొచ్చే కీబోర్డు మీద దాన్ని వాడితే ఏం జరుగుతదో భాష ప్రమాణం చెప్పలేదు. అంటే కంపైలరు చేసినోని ఇష్టం. టర్బో సీలో చేసినోళ్ళు ఊడ్చేటట్టు పెట్టారు. లినక్స్ మీద కీబోర్డు దగ్గర అది ఏమీ ఊడ్వదు. మైక్రోసాఫ్ట్ వాళ్ళ కంపైలర్లలో కూడా 2015 కూర్పు నుంచి పనిచేసుడు ఆగిపోయింది. అయినా ఇప్పటికీ మన కాలేజీల్లో రికార్డు పుస్తకాల నిండా ఈ మంత్రమే. పదేండ్ల కింద మా వాడ పిల్ల ఒకామె డిప్లొమా చదువుతూ ఏడ్చుకుంట వచ్చింది. ఇంటి దగ్గర పాత కంప్యూటరులో నడిచిన ప్రోగ్రాము ల్యాబులో లినక్స్ మీద పేరు అడగకుండ పోతున్నది. సారు, “ఎక్కడి నుంచో కాపీ కొట్టి తెచ్చినవు” అన్నాడట. రాయించిందీ ఆయనే. ఆ పిల్ల తల్లి ఇస్నాపూర్‌లో ఒక కంపెనీలో ఊడ్చే పని చేసి పంపుతున్నది.

ఆ పిల్లకు బోరింగు కథ చెప్పిన. మా అవ్వ ఎర్రనీళ్ళు పోయేదాకా కొట్టి పారబోసేది కదా, గట్లనే. గెట్‌చార్‌తో ఒక్కో అక్షరం తీసి పారబొయ్యి. న్యూలైన్ కనపడేదాకా, లేదా ఈఓఎఫ్ వచ్చేదాకా. ఈఓఎఫ్ అంటే ఇగ నీళ్ళు రావు, బోరు ఎండింది అని. దాన్ని మర్చిపోతే ఎండిన బోరును జీవితాంతం కొడుతనే ఉంటావు. ఆ అక్షరం పట్టుకునే డబ్బాను క్యార్ అని కాకుండ ఇంట్ అని పెట్టు, ఎందుకంటే ఈఓఎఫ్ అక్షరం కాదు, అక్షరాలన్నిటికీ బయట ఉండే అంకె. క్యార్‌లో అది సరిగ్గ పట్టదు.

పిల్ల తెలివిగలది. వెంటనే అడిగింది, “అన్నా, లోపల ఏమీ మిగలకుంటే ఈ లూప్ ఏం జేస్తది?”

మంచి ప్రశ్న. మిగిలింది ఏమీ లేనప్పుడు కొడితే, తర్వాత రాబోయే మంచినీళ్ళు పారబోస్తది. మనిషి కొట్టిన అసలు జవాబును మింగి కూసుంటది. అందుకని ఎక్కడ మిగులుతదో తెలిసిన జాగలోనే కొట్టాలె. మంత్రం లెక్క ప్రతి వరుస ముందూ చల్లొద్దు. ఒంటి అక్షరం అడిగే దగ్గరైతే ఇంత కూడా అక్కరలేదు, పర్సెంట్ సి ముందు ఒక ఖాళీ వదిలితే చాలు, మిగిలిన ఖాళీలన్నిటినీ స్కాన్‌ఎఫ్ దాటుకుంటది.

ఇగ పేర్ల సంగతి. ఇది తెలుగోళ్ళకు ప్రత్యేకంగా తగిలే దెబ్బ, ఏ పుస్తకంలో రాసి ఉండగా నేను చూడలేదు. గెట్స్ బదులు కొందరు స్కాన్‌ఎఫ్‌లో పర్సెంట్ ఎస్ అని పేరు అడుగుతారు. అది మొదటి ఖాళీ దగ్గర ఆగిపోతది. ఇంగ్లీషోళ్ళు పేరు ముందు, ఇంటిపేరు వెనక రాస్తారు. వాళ్ళకు కనీసం పేరన్నా దక్కుతది. మనం ఇంటిపేరు ముందు రాస్తం. పర్సెంట్ ఎస్ ఇంటిపేరు లోపలికి తీసుకొని, అసలు పేరును వాకిట్ల నిలబెడతది. ఆ నిలబడ్డ పేరు పోయి తర్వాతి ప్రశ్నలో, అంటే రోజుల గడిలో పడతది. మొదటి రోజు క్లాసులో సారు నన్ను అడిగింది కూడా గదే. “ఇంటిపేరేంది?” అన్నడు. చెప్పిన. చాలన్నడు. పేరు అడగనే లేదు.

గెట్స్ ఇంకో తీరు ప్రమాదం. డబ్బా ఇరవై అక్షరాలదైనా ఎదుటోడు రెండొందలు కొడితే అన్నీ పోస్తది, పక్క డబ్బాల మీద పారబోస్తది. 1988లో ఇంటర్నెట్‌లో పాకిన మోరిస్ వార్మ్ దూరిన కంతల్లో ఈ గెట్స్ వదిలిందీ ఒకటి. 2011 ప్రమాణంలో దాన్ని భాష నుంచే తీసేశారు. మా రికార్డు పుస్తకాల్లకు మాత్రం ఆ కబురు ఇంకా చేరలేదు.

ఇప్పుడు నేను ప్రతి ఆదివారం పటాన్‌చెరు దగ్గర అంబేద్కర్ భవనంలో పిల్లలకు సీ చెప్తున్నా. ఆరు పాత కంప్యూటర్లు, అన్నీ లినక్స్. పిల్లల్లో మా వాడోళ్ళున్నారు, బీహారు నుంచి, ఒడిశా నుంచి వచ్చి పాశమైలారం లైన్లల్ల ఉండేవాళ్ళ పిల్లలున్నారు. మొదటి ప్రోగ్రాము ఇప్పటికీ గదే. టోకెన్, పేరు, రోజులు, కూలి. అది నడిచేదాకా వేరేది చెప్పను.

ఒక ఆదివారం ఒక పిల్లగాని తండ్రి షిఫ్టు దిగి సీదా వచ్చిండు, కొడుకు చేసేది చూస్తనని. పిల్లగాడు కుర్చీ జరిపి, “కూసో నాయినా, నువ్వే కొట్టు” అన్నడు. ఆయన కుర్చీ అంచు మీద కూసున్నడు. తెర మీద ముందు టోకెన్ అడుగుతది. ఆయనకు ఇంగ్లీషు రాదు, కొడుకు నేర్పిన తన పేరు అక్షరాలు మాత్రం గుర్తుపడతడు. ఎవరైనా అడిగితే మొదట చెప్పేది పేరే కదా. ఒక్కో మీట వెతుక్కొని పేరు కొట్టి ఎంటర్ నొక్కిండు. తెర పిచ్చిలేసినట్టు పరుగెత్తింది. అదే ప్రశ్న వందసార్లు, వెయ్యిసార్లు, కింద నుంచి పైకి.

ఆయన దిగ్గున లేచిండు. చేతులు వెనక్కి పెట్టుకున్నడు. “నేను ముట్టిన సారూ, అందుకే ఖరాబైంది” అన్నడు.

యాభై ఏండ్ల మనిషి. గదిలో ఎవ్వరూ మాట్లాడలేదు. పిల్లగాని మొఖం చూడలేకపోయిన.

నేను కంట్రోల్ సి నొక్కి ఆపి, ఆయన్ని మళ్ళీ కూసోబెట్టి, పిల్లలందరినీ దగ్గరికి పిలిచిన. ఏం జరిగిందో ఆయనకే చెప్పిన, తెలుగుల. అన్నా, ఇది అంకె అడిగింది. నువ్వు పేరు చెప్పినవు. పేరు అంకె కాదని దీనికి తెలుసు, అందుకే తీసుకోలేదు. తీసుకోలేదని ప్రోగ్రాముకు చెప్పింది కూడా. స్కాన్‌ఎఫ్ ఎన్ని తీసుకున్నదో ఒక అంకె వెనక్కిస్తది, ఇక్కడ సున్న ఇచ్చింది. ఆ సున్నను ప్రోగ్రాము చూడలేదు, ఎందుకంటే పిల్లలు రాసుకున్న పుస్తకంలో చూడమని లేదు. నీ పేరు లోపలనే ఉండిపోయింది. మళ్ళ అడిగింది, మళ్ళ నీ పేరే ఎదురయ్యింది, మళ్ళ తీసుకోలేదు. గట్ల తిరిగింది. నీ చెయ్యి చేసింది ఏం లేదు. ఇది రాసినోళ్ళు నీలాంటి మనిషి వస్తడని అనుకోలేదు.

“నా పేరు లోపలనే ఉన్నదా?” అని అడిగిండు.

“ఉన్నది.”

“మరి తియ్యరాదూ?”

పిల్లలు నవ్విండ్రు, ఆయన కూడా కొద్దిగ నవ్విండు. ఆ రోజు క్లాసంతా గదే పని. స్కాన్‌ఎఫ్‌ను పూర్తిగా పక్కకు పెట్టినం. ఎదుటి మనిషి ఏం కొట్టినా, అంకె కానీ అక్షరం కానీ, వరుస మొత్తం ఎఫ్‌గెట్స్‌తో ఒక డబ్బాలోకి తీసుకుందాం, న్యూలైన్‌తో సహా. ముందు మొత్తం విందాం. విన్నంక అందులో అంకె ఉందా లేదా ఎస్‌స్కాన్‌ఎఫ్‌తో చూద్దాం. లేకుంటే, “టోకెన్ నంబరు చెప్పండి” అని మర్యాదగ మళ్ళ అడుగుదాం. అట్లయితే వరుస ఎంతుంటే అంత బయటికొచ్చినట్టే, లోపల ఏమీ మిగలదు, ఎవరి జవాబు ఇంకొకరి గడిలో పడదు. అనుభవమున్న ప్రోగ్రామర్లు చేసేది ఇదే. ఇది మొదటి నెలలోనే ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు. రెండు వరుసలు ఎక్కువ రాయాలె, అంతే కదా.

2025 జూన్ 30న పాశమైలారంలో, మందుల్ల కలిపే సెల్యులోజ్ పొడి తయారుచేసే ఫ్యాక్టరీలో పేలుడు జరిగింది. 40 మందికి పైగా చనిపోయారు, ఎక్కువ మంది బతుకుదెరువుకు వేరే రాష్ట్రాల నుంచి వచ్చినోళ్ళు. డీఎన్ఏ పరీక్షలతో గుర్తుపట్టాల్సి వచ్చింది. కొందరి ఆనవాలే దొరకలేదు. అదే ఏడాది నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చి, మా నాయిన కేసు నడిచిన 1970 చట్టం పోయింది. కొత్తదాంట్ల రిజిస్టర్లు కంప్యూటర్ల ఉంచొచ్చంటున్నారు. ఉంచొచ్చు. అక్కడ పేరు ముందు అడుగుతరా, టోకెన్ ముందు అడుగుతరా, పేరు ఖాళీగ వస్తే ఒప్పుకుంటరా ఒప్పుకోరా, ఇది రాసేది మనుషులే. మా పిల్లలు ఆ జాగలకు పోవాలని నా ఆశ.

పేలుడు జరిగిన వారం క్లాసుకు ఇద్దరే వచ్చారు. మూడో వారానికి అందరూ వచ్చారు. అప్పుడు పేరు డబ్బా ఎంత పెద్దది పెట్టాలన్న దాని మీద పంచాయితి నడిచింది. ఎఫ్‌గెట్స్‌కు డబ్బా కొలత చెప్పాలె. వరుస దానికన్నా పొడుగైతే మిగిలింది మళ్ళ లోపలనే ఉండిపోతది, న్యూలైన్ వచ్చిందా లేదా చూసుకొని పారబొయ్యాలె. పుస్తకంలో ఇరవై అని ఉంది. ఇరవైలో ఎవరి పేరు పడతది అని ఒకడన్నడు. ఒడిశా పిల్లగాడు తన తండ్రి పూర్తి పేరు బోర్డు మీద రాసి లెక్కబెట్టిండు, ఖాళీలతో కలిపి ముప్పై నాలుగు. ఇంకో పిల్ల, “మా అమ్మమ్మకు ఆధార్‌ల ఒక పేరు, రేషన్ కార్డుల ఒక పేరు, రెండూ రాసుకోవాలంటే?” అన్నది. డబ్బా పెంచితే మెమరీ దండుగ కదా అని ఒకడు నసిగిండు. ఎంత దండుగో లెక్కబెట్టమన్న. మనిషికి వంద బైట్లు, వెయ్యిమంది కూలీలకు లక్ష. ఆ పాత కంప్యూటరు మెమరీలో అది ఏ మూలకూ కనపడదు.

వంద పెట్టినం.